ఎడమచేతి పొలుసులు

పోయిన వారం మనం రాహేలును కార్ఖానా లోపలి గదిలో వదిలేసి ఎవరి పనుల మీద వాళ్ళం పోయాం. చేతిలో ఉలి ఉంది, తలుపు అవతల షాబాజ్ చెప్పుల చప్పుడు టకటకమని దగ్గరికొస్తోంది. మనం తిన్నాం, పండుకున్నాం, రెండు పెళ్ళిళ్ళకు పోయొచ్చాం. ఆమె మాత్రం పాపం ఏడు రోజులుగా అట్లనే ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఇంకా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. తలుపు తీద్దాం.

తీసేలోపల, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కలు. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఇషాక్ ఉస్తాద్‌ది చెక్క నక్కాషీ కార్ఖానా. టేకు మీద పూలూ తీగలూ పిట్టలూ చెక్కే చోటు. ఆయన చెక్కిన చిలక మీదికి ఒకసారి గల్లీ పిల్లి దూకి ముందు పళ్ళు రెండు విరగ్గొట్టుకుందని, అప్పటినుంచి ఆ పిల్లి పాలు తప్ప ఇంకేం ముట్టలేదని ఆ గల్లీలో ప్రమాణం చేసి చెప్తారు. పళ్ళులేని ఆ పిల్లిని చూపించమంటే మాత్రం, నిన్ననే ఎటో పోయిందంటారు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత కార్ఖానా పోయింది. గుమ్మం మీది పేరు పలక రెండు ముక్కలైంది. ఉలులూ మనుషులూ గల్లీ లోపలికి, ఉస్తాద్ ఇంటి ముందు గదుల్లోకి మారారు. పాత కార్ఖానా దూలం ఒక్కటి మిగిలితే, దాన్ని కోయించి, అందులోంచే కొత్త పలక తీశారు. అయిదడుగుల పొడుగు, మూరెడు వెడల్పు. చుట్టూ ద్రాక్ష తీగ, నడుమ ఉర్దూలో ఒక వరస, కింద తెలుగులో ఒక వరస, 'ఇషాక్ కార్ఖానా' అని.

ఉస్తాద్ మేనల్లుడు షాబాజ్. ఆర్డర్లు తేవడం, ఫోటోలు తీసి ఫోన్లో పెట్టడం వాడి పని. వాడికి మిషిన్ కావాలి. కంప్యూటర్‌లో బొమ్మ పెట్టి మీట నొక్కితే మధ్యాహ్నం భోజనం అయ్యేలోపు తలుపు మొత్తం చెక్కి ఇచ్చే మిషిన్. మామ అల్లుళ్ళకు ఆ లొల్లి పెరిగి పెరిగి ఒకనాడు ఉస్తాద్ నోరు జారాడు. "నా చేతులతో పలక చెక్కి గుమ్మం మీదికి ఎత్తుత. ఎత్తకపోతే నీ మిషిన్ తెచ్చి ఈ గదిలనే పెట్టుకో. ఉలులన్ని నేనే మూటగట్టి అటక మీద ఏస్త" అన్నాడు.

అనడమైతే అన్నాడు. నాలుగేళ్ళుగా ఆయన చేతులు గాలికి ఊగే రావాకులైనాయి. ఆ నాలుగేళ్ళూ ఉస్తాద్ పేరు మీద బయటికి పోయిన పనంతా చెక్కింది రాహేలు. ఊరి దృష్టిలో ఆమె రేగ్‌మాల్ కాగితంతో చెక్క రుద్ది, లక్క పాలిష్ పెట్టే మనిషి. అసలు సంగతి ఇద్దరికే తెలుసు. ఇద్దరికీ, మనకూ.

ఇగ తలుపు తెరుచుకుంది.

రాహేలు ఉలిని రేగ్‌మాల్ కాగితాల బొత్తిలో దూర్చి, ఒక కాగితం లాగి పలక అంచును రుద్దడం మొదలుపెట్టింది.

"రాహేలక్కా, ఇంకా రుద్దుతనే ఉన్నవా?" అన్నాడు షాబాజ్. "గింతగనం రుద్దితే పలక మిగలది, పాపడ్ మిగుల్తది."

"ఉస్తాద్ రుద్దమన్నడు, రుద్దుతున్న."

"ఏడి మామూ?"

"నమాజుకు పోయిండు. వచ్చే యాళ్ళయింది."

"మంచిది. గీ పొట్టంత ఊడ్చెయ్యి. రాజన్న బాపును తోల్కొచ్చిన."

రాహేలు చేతిలో కాగితం ఆగిపోయింది. "శుక్రారం గదా అంటిరి?"

"శుక్రారం మిషిన్ దింపే మనుషులు దొరకరంట. డీసీఎం లారీ వచ్చి గల్లీ మూతికాడ ఆగింది. మిషిన్ దాంట్లనే ఉన్నది. ఇయ్యాల్నే తేలిపోవాలె. పలక ఎత్తితే బండి వాపస్ పోతది. ఎత్తకపోతే లోపలికొస్తది." షాబాజ్ పలక మీదికి వంగి చూశాడు. వాడి ముఖంలో మెచ్చుకోలు కనబడింది, వెంటనే దాన్ని మింగేశాడు. "మామూ చెయ్యి ఇంకా మస్తుగనే ఉన్నట్టుంది. చూద్దాం."

మాదన్నపేట రాజన్నను ఎరగనివాళ్ళు ఆ పనిలో లేరు. ఒకప్పుడు పాతబస్తీలో ఈ పని చేసే కార్ఖానాలు నాలుగుంటే మూడు మూతబడ్డాయి. ఆ మూడింటిలో ఒకటి రాజన్నది. ఎనభై దాటాడు. రెండు కళ్ళకూ పొర కమ్మింది. కానీ ఆయన కుడిచేతి బొటనవేలికి మాత్రం ఏ పొరా కమ్మలేదు. వెనకటికి బేగంబజార్‌లో ఒక సేటు కొత్త మంచానికి మసి పూసి, నవాబుల కాలం నాటిదని అమ్మబోతున్నాడట. రాజన్న మంచం కోడు మీద బొటనవేలు పెట్టి, "సేటూ, ఇది పోయిన వానకాలం దాక చెట్టే. దీని మీద కాకి గూడు పెట్టింది" అన్నాడట. గూట్లో మూడు గుడ్లున్నాయని కూడా అన్నాడని కొందరంటారు గాని, గుడ్ల సంగతి కొంచెం ఎక్కువ చేసి చెప్పినట్టే ఉంది.

ఆ నాలుగు కార్ఖానాలకు ఒక రివాజు ఉండేది. కొత్త పలక ఎత్తేనాడు ఇంకో కార్ఖానా పెద్దమనిషి వచ్చి చూడాలి. పలకంతా లోపల చెక్కుకోవచ్చు గాని, తీగ కొస ఒక్కటి చెక్కకుండా మూసి ఉంచాలి. ఉంగరం తిరిగిన ఆ కొసను, పలక మీద ఎవరి పేరుందో ఆ ఉస్తాదే, పెద్దమనిషి ముందర తన చేత్తో చెక్కి తెరవాలి. ఆ తర్వాతనే పెద్దమనిషి "ఎత్తుండ్రి" అంటాడు. ఆయన అనకపోతే పలక గోడకు ఆనించి ఉండాల్సిందే. ఇప్పుడు ఆ మాట అనగలిగినవాడు రాజన్న ఒక్కడే మిగిలాడు.

రాజన్న కట్టె టకటకలాడిస్తూ లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అదే గడియకు వీధివైపు నుంచి ఇషాక్ ఉస్తాద్ అడుగుపెట్టాడు. తలమీద టోపీ, తెల్ల గడ్డం, నిటారైన మనిషి. రాజన్నను చూసీ చూడగానే ఆయన రెండు చేతులూ కుర్తా జేబుల్లోకి పోయాయి.

"ఇంకా ఉన్నవా రాజన్నా? పోయినవనుకున్న."

"నువ్వు ముందుగాల పోతే నీ ఉలులు తెచ్చుకుందామని ఆగిన ఇషాక్ భాయ్."

"నా ఉలులు నీకెందుకు? కాలిగోర్లు తీసుకోనీకా?"

"నీ ఉలులతోని తీసుకుంటే గోర్లు మిగిల్తయి గాని వేళ్ళు మిగలయి."

ముసలాళ్ళిద్దరూ నవ్వారు. రాహేలు నవ్వలేదు. ఉస్తాద్ కళ్ళు ఒక్కసారి ఆమెను తాకి తప్పుకున్నాయి. రేపటికని వాళ్ళిద్దరూ ఒక ఉపాయం అనుకున్నారు. కొస దగ్గర ముందే లోపలివైపు కోసి, పేరుకు ఒక పొర మాత్రం ఉంచితే, ఉస్తాద్ ఉలి అట్లా తాకిస్తే చాలు, రాలిపోతుంది. ఆ కోత ఈ సాయంత్రం కోద్దామనుకున్నారు. సాయంత్రం ఇంకా కాలేదు.

"చాయ్ తర్వాత తాగుదాం బాపూ, ముందు పలక చూడుండ్రి" అని షాబాజ్ తొందరపెట్టాడు.

రాజన్న బొటనవేలు పలక మీద దిగింది.

ముందు తీగ. ఆకుల ఈనెల వెంట మెల్లగా పాకింది. గుత్తిలో ఒక్కొక్క ద్రాక్షపండునూ సంతలో గొర్రెను చూసినట్టు అటూ ఇటూ తడిమింది. ఉర్దూ అక్షరాల ఒంపులు ఎక్కి దిగింది. "ఊఁ" అన్నాడు రాజన్న. "ఊఁ ఊఁ. ముసలోనివైనా చెయ్యి పడుచుగుంది ఇషాక్."

తర్వాత వేలు అక్షరాల నడుమ నేలకు జారింది. అక్షరాలు ఉబ్బెత్తుగా నిలబడాలంటే చుట్టూ ఉన్న చెక్కను అరవేలు లోతు తీసేస్తారు. ఆ తీసిన నేలను నున్నగా వదిలేయరు. గోరు ఆకారం ఉలితో చిన్న చిన్న గుంటలు వరసగా నొక్కుకుంటూ పోతారు. చూడ్డానికి చేప ఒంటిమీది పొలుసుల్లా ఉంటాయి. పొలుసు పని అనే అంటారు. చెక్కేవాడు కుడిచేతివాడైతే పొలుసులన్నీ ఒకవైపు ఒరుగుతాయి, గాలికి వరిచేను ఒరిగినట్టు. ఎడమచేతివాడైతే రెండోవైపు.

రాహేలుది ఎడమచేతివాటం. చిన్నప్పుడు బళ్ళో పంతులు ఆ చేతి మీద విరగ్గొట్టిన బెత్తాలన్నీ పోగేస్తే నెలరోజులు పొయ్యి మండేది. ఆ దెబ్బలకు ఎడమ చెయ్యి ఇంకా గట్టిపడింది గాని కుడిచేతికి పని రాలేదు. మాదన్నపేట మార్కెట్లో ఉల్లిగడ్డలు ఏరినా, ఇక్కడికొచ్చి చెక్క రుద్దినా ఎడమచేత్తోనే. నాలుగేళ్ళ కింద ఉస్తాద్ ఆమెకు మొట్టమొదట నేర్పింది ఉలి పట్టడం కాదు, కూర్చోవడం. "నేను పలక పక్కన కూసుంట. నువ్వు పలక తలకాయ దిక్కు కూసో. పలక నీకు నిలువు పడితే నీ ఎడమ చేతి పొలుసు నా కుడిచేతి పొలుసు తీరుగనే ఒరుగుతది" అన్నాడు. అట్లనే కూర్చుంది. నాలుగేళ్ళు. ఒక్కరూ పసిగట్టలేదు.

కానీ అది పాత కార్ఖానా. పలక చుట్టూ ప్రదక్షిణం చేసేంత చోటుండేది. ఈ గది ఇరుకు. పలక కుడి చివర గోడను ఆనుకుని ఉంది. అక్కడ తలవైపు కూర్చోవాలంటే గోడలో కూర్చోవాలి. పలకను వెనక్కి లాగి, తిప్పి, పని చేసి మళ్ళీ జరిపేది ఎప్పుడూ. ఇందాక? ఇందాక ఆఖరి జానెడు మిగిలి ఉంటే, షాబాజ్ వచ్చే వేళైందన్న తొందరలో, లాగకుండా, తిప్పకుండా...

రాహేలు పలక పక్కన కూర్చుని చెక్కేసింది. ఆ ఒక్క జానెడు.

రాజన్న వేలు ఎడమ నుంచి కుడికి వస్తోంది. 'ఇ' కింద పొలుసులు దాటింది. 'షా' దాటింది. ఆయన పెదవులు లెక్క పెడుతున్నట్టు కదులుతున్నాయి. 'కార్ఖానా' మొదట్లో ఒక పొలుసు దగ్గర దుమ్ముంటే ఉఫ్ అని ఊదాడు. రాహేలు చీర కొంగు పట్టుకుని, "బాపూ, చాయ్ చల్లగైతుంది, తాగి చూద్దురు" అంది.

"చల్లదే తాగుత బిడ్డా, పళ్ళు లేవు నాకు."

వేలు ఆఖరి అక్షరం దాటింది. ఆగింది. ఒక అంగుళం వెనక్కి పోయింది. మళ్ళీ ముందుకొచ్చింది. రాజన్న తల పక్కకు వంచాడు, గోడవతల మాటలు వినేవాడిలా.

"ఇషాక్."

"ఏంది?"

"ఈడ ఎవరు కూసున్నరు?"

రాజన్న ఆ చివరి జానెడును మళ్ళీ తడిమాడు.

"ఈ జానెడు నీది కాదు. ఎడమచేతోళ్ళది."

షాబాజ్ ముందు నోరు తెరిచాడు, తర్వాత అర్థమైంది. "యా అల్లా! మామూ! బయట మనిషిని పెట్టినవా? బేగంబజార్‌ల మందిరాలు చెక్కే ఆ ఎడమచేతి బీరయ్యనేనా? నాకు తెల్వకుండ గోడ దూకిచ్చినవా ఆయన్ని? ఆయన పొట్టకు గోడ ఎట్ల దూకిండు?"

పొలుసు చెక్కిన మనిషి వాడికి రెండడుగుల దూరంలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. వాడి కన్ను ఆమె మీది నుంచి గోడకు పోయింది, గోడ నుంచి కిటికీకి పోయింది.

"ఎవర్ని పెట్టలే" అన్నాడు ఉస్తాద్. "నేనే చెక్కిన. కుడి చెయ్యి గుంజుతుంటే ఎడమ చేత్తోని చేసిన."

"నువ్వా?" అన్నాడు రాజన్న. "యాభై ఏండ్ల సంది చూస్తున్న నిన్ను. ఎడమ చేత్తోని దోమను గూడ కొట్టలే నువ్వు."

"దోమలు గప్పుడు గింతగనం లేకుండె."

రాజన్న పలక మీద నుంచి వేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గొంతులో వేళాకోళం పోయింది. "సరే భాయ్. నీ మాట నేను కాదనను. కొస మూసే ఉంది గద. తెరువు. కుడి చేత్తోని తెరుస్తవో, ఎడమ చేత్తోని తెరుస్తవో నీ ఇష్టం. నేను చూస్త."

ఇషాక్ ఉస్తాద్ జేబుల్లోంచి చేతులు తీశాడు.

అంతే. ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. కళ్ళకు పొరలున్న రాజన్నకే ఆ చేతుల ఊపు తెలిసిపోయింది. షాబాజ్ ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు. నాలుగేళ్ళు ఒకే కంచం దగ్గర తిన్నాడు వాడు. మామూ ఎప్పుడూ జేబుల్లో చేతులెందుకు పెట్టుకుంటాడో, చెంచాతో ఎందుకు తినడో, కప్పు నిండా చాయ్ ఎందుకు పోయనియ్యడో ఒక్కనాడూ అడగలేదు.

ఉస్తాద్ సన్న ఉలి అందుకున్నాడు. రెండో చేత్తో కొయ్యసుత్తి. పలక మీదికి వంగాడు. ఉలి మొన తీగ కొస మీద ఆనింది. ఆనిన చోట నిలబడలేదు. చెక్క మీద టిక్‌టిక్‌టిక్‌మని కొట్టుకుంటోంది.

రాహేలుకు ఆ కొస కింద ఏముందో తెలుసు. ఆ చెక్క దూలంగా ఉన్నరోజుల్లో అక్కడొక మేకు దిగింది. మేకు పోయినా దాని బొక్క నుంచి వెంట్రుకవాసి పగులు లోపల్లోపలే అక్షరాల దాకా పోయింది. మూడు నెలల కింద అది కనబడితే, తీగను దాని చుట్టూ తిప్పుకొచ్చింది. ఒక్క దెబ్బ అడ్డంగా పడితే కొస ఊడడం కాదు, పలక నడిమికి చీలుతుంది. అది పోతే ఇంకో దూలం లేదు. తనకు ఉలీ లేదు. డీసీఎం లోపలికొస్తుంది, తను ఉల్లిగడ్డల దగ్గరికి పోతుంది. కానీ తను నోరు విప్పితే, తలెత్తుకుని తిరిగిన ఈ పెద్దమనిషి, రాజన్న ముందు, మేనల్లుడి ముందు...

సుత్తి లేచింది.

రాహేలు ఎడమచెయ్యి చాపి, అరచేత్తో తీగ కొసను మూసేసింది. ఉలి మొన ఆమె వేళ్ళ మధ్య ఆగింది.

"చెయ్యి తియ్యి."

"తియ్య."

"రాహేలూ!"

"కొడితే నా చేతి మీద కొట్టు ఉస్తాద్. నాలుగు దినాలకు మానుతది. ఇది మానది."

షాబాజ్ "ఏయ్, రాహేలక్కా, నడుమల నువ్వెవరు?" అని ముందుకొచ్చాడు. ఆమె వాడి వైపు చూడలేదు. "రాజన్న బాపూ, ఆ జానెడు నాది. నేను చెక్కిన" అంది.

రాజన్న వేలు మళ్ళీ అక్షరాల మీదికి పోయింది. "ఆ జానెడేనా బిడ్డా?"

దానికి జవాబు ఆమె నోట్లో ఉంది గాని బయటికి రానియ్యలేదు. ఔనంటే మిగతాదంతా ఉస్తాద్‌కు మిగులుతుంది. ఔనందామనే నోరు తెరిచింది.

"జానెడు కాదు" అన్నాడు ఇషాక్. ఉలినీ సుత్తినీ పలక పక్కన పెట్టేశాడు. "మొత్తం ఆమెనే చెక్కింది. నాలుగేండ్ల సంది అన్నీ ఆమెనే."

షాబాజ్ నవ్వాడు. నవ్వుతూనే ఇద్దరి ముఖాలూ చూశాడు. నవ్వు సగంలో ఆగింది. "మరి ఆ పెద్ద హోటలోళ్ళ తలుపు?"

"ఆమెనే."

"ఆ తలుపు పక్కన నిన్ను నిలబెట్టి ఫోటో తీసిన గద మామూ! ఇషాక్ ఉస్తాద్ చేతి మహిమ అని కింద రాసిన! పదివేల మంది చూసిండ్రు!"

"ఫోటో మంచిగనే వచ్చింది" అన్నాడు ఉస్తాద్.

షాబాజ్ ముఖం ఎర్రబడింది. మోసపోయిన కోపం కొంత, నాలుగేళ్ళు చూడని సిగ్గు కొంత. ఆ సిగ్గును దాచడానికి కోపాన్నే పైకి తీశాడు. "అయితే అయిపాయె. నీ చేతులతో అన్నవు. జబాన్ ఇచ్చినవు. పాలిష్ పెట్టేటామె చేతులతో అనలే. నేను బండిని రమ్మంటున్న."

"ఆగు పోరడా" అన్నాడు రాజన్న. కట్టె నేలకేసి ఒక్క దెబ్బ కొట్టాడు. "ఎత్తాల్నా, ఎత్తద్దా చెప్పనీకి నన్ను తోల్కొచ్చింది నువ్వే. నేనింక చెప్పలే. కొస ఇంకా తెరవలే." రాహేలు ఉన్న వైపు ముఖం తిప్పాడు. "బిడ్డా, కూసో. ఎవరి తీరుగనో కాదు. నీకెట్ల వీలైతే గట్ల కూసో."

రాహేలు పలక పక్కన కూర్చుంది. నాలుగేళ్ళలో మొదటిసారి, పదిమంది కూర్చున్నట్టు, పక్కనే. ఎడమ చేత సుత్తి, కుడిచేత ఉలి.

ఉస్తాద్ ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. అది వాళ్ళ అలవాటు. ఆయన పలక అంచు మీద గోరు ఆనించి ఉంచుతాడు. ఒకసారి గోరు తగిలితే కొట్టు, రెండుసార్లు తగిలితే ఆపు.

ఒక దెబ్బ. చెక్కు ఉంగరం తిరిగి లేచింది. ఇంకో దెబ్బ. ఉలి మొన మేకు బొక్క అంచుకు వచ్చింది. చప్పుడు మారింది. గట్టి చెక్క ఠక్కుమంటుంది. కింద డొల్ల ఉన్నచోట డబ్బుమంటుంది. డబ్బుమంది. రాహేలు సుత్తి కింద పెట్టింది. ఉలిని అరచేత్తో నొక్కుతూ, పగులుకు ఎదురుగా కాకుండా దాని వెంట నడిపింది. ముక్కు కొస నుంచి చెమట బొట్టు పలక మీద పడింది. షాబాజ్ ఫోన్ మోగింది. వాడే దాన్ని గబుక్కున నొక్కి ఆపాడు.

పొర తర్వాత పొర. తీగ కొస చెక్కలోంచి పైకి వస్తోంది.

గోరు తగిలింది. రెండుసార్లు.

రాహేలు ఆగలేదు.

ఇంకోసారి తగిలింది, కొంచెం గట్టిగా. ఆమె చెయ్యి ఆగలేదు. ఉస్తాద్ గోరు గాలిలో నిలిచిపోయింది. నాలుగేళ్ళలో ఆమె ఆయన గోరును కాదన్నది లేదు. ఉలి ఇంకొక్క పొర కింద దూరి, ఒక మెలిక తిరిగి, బయటికొచ్చింది. ఉల్లిపొర కన్నా పల్చటి చెక్కు ఊడి రాజన్న కాళ్ళ దగ్గర పడింది.

కొస తెరుచుకుంది. పగులు అక్కడే ఉంది, తీగ నీడలో, కదలకుండా.

రాజన్న బొటనవేలు వచ్చి దాని మీద వాలింది. కొస చుట్టూ ఒకసారి, మళ్ళీ ఒకసారి తిరిగింది. "ఇషాక్, నువ్వైతే ఏడ ఆపుతుంటివి?"

ఉస్తాద్ తన గోరు వైపు చూసుకున్నాడు. "ఒక పొర ముందు."

"అవ్. గందుకే నీ కొసలన్ని జెర మొద్దుగుంటయి. యాభై ఏండ్ల సంది చెప్దామనుకుంటున్న."

రాహేలు అరచేతులు చీర మీద తుడుచుకుంది. ఊపిరి ఇప్పుడొదిలింది, పోయిన వారం బిగబట్టింది. అయిపోయిందనుకుంది.

"గానీ ఎత్తుండ్రి అని నేను అనలేను బిడ్డా" అన్నాడు రాజన్న.

"ఎందుకు బాపూ?"

"కొసల తప్పు లేదు. గిసుంటి కొస నా కార్ఖానాల గూడ తెరవలే. గానీ పలక మీద ఎవరి పేరుంటదో ఆ చెయ్యే తెరవాలె. తెరిచింది నీ చెయ్యి. పేరు ఇషాక్‌ది. అబద్ధం పలకను గుమ్మం మీదికి ఎత్తుమని ఈ వయసుల నాతోని అనిపియ్యకుండ్రి."

షాబాజ్ అప్పటికే ఫోన్ చెవిన పెట్టాడు. "భాయ్, గాడీ అందర్ లేలో" అన్నాడు. గల్లీ మొగదల డీసీఎం ఇంజన్ గురగురమంది. వెనక్కి తిప్పేటప్పటి కూత మొదలై, ఇళ్ళ గోడల నడుమ దగ్గరవుతోంది.

"రాజన్నా" అన్నాడు ఇషాక్. "పేరు ఒక్కటేనా అడ్డం?"

"పేరు ఒక్కటే."

ఇషాక్ ఉస్తాద్ మోకాళ్ళ మీద ముందుకు జరిగాడు. గోడకున్న ఉలుల్లో అన్నిటికన్నా వెడల్పైనది, నేల తీసేది, దాన్ని లాగాడు. రెండు గుప్పిళ్ళతో పట్టుకున్నాడు. మోచేతులు పలకకు ఆనించి, ఛాతీ బరువంతా పిడి మీద పెట్టి, మొనను 'ఇషాక్' మొదటి అక్షరం మొదట్లో దించాడు.

"మామూ!" ఫోన్ షాబాజ్ చెవి మీది నుంచి జారింది. "క్యా కర్‌రైఁ ఆప్?"

"ఉలి నేను పట్టిన రాహేలూ. సుత్తి నువ్వు కొట్టు."

రాహేలు వెనక్కి జరిగింది. "నేను కొట్ట. నెలరోజులు చెక్కిన నీ పేరు. ఒక్క పేరే నెలరోజులు."

"నేను చెక్కమంటె చెక్కినవు. ఇప్పుడు నేనే తియ్యమంటున్న. పేరు పోతే పలక మీద అబద్ధం ఉండది."

"పేరు పోతే ఎట్ల మామూ?" షాబాజ్ అరిచాడు. "నా మిషిన్ మీద గూడ గా పేరే పెడదామనుకున్న! గా పేరు చూసే గద మనుషులొస్తరు! బాపూ, నువ్వన్న చెప్పు!"

రాజన్న కట్టె మీద రెండు చేతులూ పెట్టి, గడ్డం వాటి మీద ఆనించాడు. బయట డీసీఎం గుమ్మం ముందు ఆగింది. వెనక తలుపు గొలుసు గలగలమని ఊడింది. ఎవరో "షాబాజ్ భాయ్, ఏడ దింపాలె?" అని కేకేశారు.

"రాహేలక్కా." షాబాజ్ ఆమెకూ పలకకూ నడుమ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళలో వాడు ఆమె ముందు కూర్చోవడం ఇదే మొదలు. "దండం పెడత. కొట్టకు."

"వాణ్ని జరగమను" అన్నాడు ఉస్తాద్. ఆయన కళ్ళు అక్షరం మీది నుంచి కదల్లేదు. పిడి మీద వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. "బిడ్డా, ఎక్కువసేపు పట్టలేను. కొట్టు."

రాహేలు ఒక చేత్తో షాబాజ్ భుజాన్ని పక్కకు తోసింది. ఎడమచేతిలో కొయ్యసుత్తి పైకి లేచింది.